కీర్తన చివర లియోనా కేక

తెల్లారగానే లియోనా బ్రూగెన్ చేసే మొదటి పని గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించడం. జపమాల ఆ తర్వాతే. "దేవుడు కాసేపు ఆగుతాడు ఫ్రీడా, గొంతు ఆగదు" అనేది. వాళ్ళ వంటింటి కిటికీ, మా వంటింటి కిటికీ ఎదురెదురు. నేను కాఫీ పెట్టుకుంటూ ఆ గరగర చప్పుడు వినేదాన్ని. అది వినబడిందంటే ఆమె లేచిందని, బాగానే ఉందని నాకు నిమ్మళం.

జూన్ వచ్చిందంటే ఇంకో నియమం కూడా చేరేది. మధ్యాహ్నం భోజనం దాకా నోరు విప్పదు. ఆ నెలల్లో ఉత్తరాలు తెచ్చే అతను కూడా పలకరించకుండా టోపీ ఎత్తి నవ్వి వెళ్ళిపోయేవాడు. పొద్దుటి పూజలో ఫాదర్ ప్రసాదపు అప్పం అందించేటప్పుడు, బదులుగా ఆమె ఆమెన్ అనలేదని ఏనాడూ తప్పు పట్టలేదు. ఆమె తరఫున తానే మెల్లగా ఆమెన్ అనేసి పక్కవాళ్ళ దగ్గరికి జరిగేవాడు. ఊరంతా ఇలా ఆమె గొంతును గుడ్డులా కాపాడుకొచ్చింది. ఇదంతా ఒక్క కేక కోసం.

ఆ కేక సంగతి చెప్పాలంటే మా సెయింట్ వెండెలిన్ కేడెట్ల సంగతి చెప్పాలి. మా చర్చి పాత ఫాదర్ ఒకాయన, పాలు పితికే పని అయ్యాక పొలాల పిల్లలు సాయంత్రాలు పాడైపోకుండా ఉంటారని, వాళ్ళ చేతికి బాకాలు, డోళ్ళు, జెండాలు ఇచ్చి మైదానంలో నడిపించాడు. ఇప్పుడు మా విస్కాన్సిన్ పిల్లలు అందులో వేళ్ళ మీద లెక్క. టెక్సస్ నుంచి, ఒహాయో నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరతారు. వేసవంతా బస్సుల్లో ఊరూరా తిరిగి, బడి గదుల్లో నేల మీద పడుకుని, పోటీలు ఆడతారు. పిల్లలు మారినా ఒకటి మారలేదు. మైదానంలో నడుస్తూ వాయించే ఆ ఆట ఎలాంటిదైనా చివర్న మరియమ్మ కీర్తన వాయిస్తారు. అది సన్నగిల్లి సన్నగిల్లి, దీపం కొండెక్కినట్టు ఆగిపోతుంది. ముందు నిలబడి చేతులతో తాళం చూపే డ్రమ్ మేజర్ పైకెత్తిన చేతులు దించేదాకా స్టేడియం మెట్ల మీద ఎవరూ కదలరు. చంటిపిల్ల ఏడవబోతే తల్లి ఎత్తుకుని దిగి వెళ్ళిపోతుంది. ఏ జట్టు గొప్పదని పొద్దంతా జుట్లు పట్టుకున్నవాళ్ళు కూడా ఆ కాసేపూ నోళ్ళు మూసుకుంటారు. ఎవరూ పెట్టని కట్టుబాటు అది.

ఆ మౌనంలోనే, లియోనా కొడుకు డ్వేన్ కేడెట్లలో ఉన్న చివరి ఏడు, ఆమె గొంతు చించుకుని అరిచింది.

జాతీయ పోటీ అది. ఎండ మండిపోతోంది. డ్వేన్ భుజం మీద పెద్ద బాకా. అది దూడ బరువు ఉంటుంది. కీర్తన చివరికొచ్చేసరికి పిల్లవాడి మోకాళ్ళు బిగుసుకుపోయాయి, ముందుకీ వెనక్కీ తూలుతున్నాడు. పడిపోతున్నాడనుకుంది తల్లి. అరిచింది. వాడు పడలేదు. కానీ స్టేడియం మొత్తం ఆ కేకను ఇంకోలా తీసుకుంది. ఇంత అందం చూసి పట్టలేక ఒక తల్లి గుండె పగిలిందనుకున్నారు. ఒక్కసారిగా అందరూ లేచి నిలబడి కళ్ళనీళ్ళతో చప్పట్లు కొట్టారు. ఆ రోజు వెంట్రుకవాసిలో కేడెట్లు గెలిచారు. ఆ పోటీ పాటల రికార్డు అమ్మకానికి వచ్చినప్పుడు కీర్తన చివర ఆ కేక కూడా అందులో ఉంది.

మరుసటేడు కీర్తన ముగియగానే జనం వెనక్కి తిరిగి ఆమె కోసం చూశారు. ఆ ఒక్కసారికి కాదనలేక అరిచింది. ఆ ఒక్కసారే ఆనవాయితీ అయి కూర్చుంది. కేడెట్ల వాళ్ళు ఆమెకో పసుపు టోపీ కుట్టించి ఇచ్చారు, దూరం నుంచి కనబడేలా. ఇప్పుడు పిల్లల్ని నడిపించే కర్ట్ వోగెల్ అయితే ఆ చివరి మౌనాన్ని కావాలనే సాగదీశాడు. "ఇది మీ చోటండీ లియోనా గారూ. ఇక్కడ మేం ఏమీ వాయించం, మీకే వదిలేశాం" అన్నాడు. మంచివాడు. మంచివాడు కాబట్టే ఆమె ఏమీ అనలేకపోయింది.

డ్వేన్ ఇప్పుడు పాల లారీ నడుపుతాడు, మనవల్ని ఎత్తాడు. వాడి పెళ్ళి విందులో గ్లాసు ఎత్తి ఏం చెప్పాడో నాకు ఇంకా గుర్తుంది. "నా జన్మలో నాకు దొరికిన పెద్ద బహుమతి ఏ పతకమూ కాదు. నా ఆట చూసి మా అమ్మ వేసిన కేక" అన్నాడు. నా పక్కన కూర్చున్న లియోనా ఒళ్ళోని రుమాలును తాడులా మెలిపెట్టింది. నిజం నాకూ, చనిపోయిన ఆమె భర్త నార్బర్ట్‌కీ తప్ప ఎవరికీ తెలియదు.

అభిమానుల మాటలు ఇప్పుడు ఫోన్లలోకి వచ్చేశాయి. ఆమెకు చిన్న అక్షరాలు ఆనవు కాబట్టి నేనే చదివి పెట్టేదాన్ని.

"'ఈసారి లియోనా అర క్షణం ఆలస్యంగా అరిచింది. ముసలిదైపోయింది పాపం' అంటున్నాడే ఒకడు."

"వాడికి నా వయసొచ్చాక చెప్పమను."

"'ఆ కేక లేకపోతే అది కేడెట్ల ఆటే కాదు.' ఇది ఇంకొకడు."

"లోకులు కాకులే ఫ్రీడా. కానియ్, ఇంకా?"

ఒకనాడు ఇంకొకటి చదివాను. చదవకుండా ఉండాల్సింది. ఎవరో రాశారు, "అది మరియమ్మ కీర్తన. గుడిలో ప్రార్థన మధ్య ఎవరైనా అరుస్తారా? ఆవిణ్ణి బయటికి పంపండి" అని. లియోనా లేచి వెళ్ళి స్టవ్ మీద ఏమీ లేకపోయినా దాన్ని తుడిచింది.

మొన్న వసంతంలో చెవి డాక్టరు ఆమెకు ఎడమ చెవి పోయిందని, కుడిది కూడా పోయే దారిలో ఉందని, వచ్చే ఏటికి సంగీతం వినడం కష్టమని చెప్పాడు. తిరిగొస్తుంటే కారులో నన్ను అడిగింది.

"ఫ్రీడా, ఆ కీర్తన చివర ఎలా ఉంటుందే?"

నేను కారు పక్కకు తీసి ఆపాను. "అదేమిటే, నీకు తెలీదా?"

"నాకెలా తెలుస్తుంది? అప్పటికి నేను గాలి పీల్చుకుని సిద్ధంగా ఉంటాను. గుండె దడదడా కొట్టుకుంటూ ఉంటుంది. ఎప్పుడెప్పుడా అని డ్రమ్ మేజర్ చేతులే చూస్తుంటాను. తర్వాత నా అరుపే నాకు వినబడుతుంది. డ్వేన్ ఆ బాకా పట్టుకున్న నాటి నుంచి, అప్పుడు వాడు పడతాడన్న భయంతో, తర్వాత ఈ కేకతో, ఒక్కసారి కూడా వినలేదు. చెవులు పోయేలోగా ఒక్కసారి వినాలని ఉంది. అంతే."

"అయితే ఈసారి అరవకు."

"అరవను" అంది, చిన్నపిల్ల ఒట్టు పెట్టుకున్నట్టు.

జులైలో పక్క జిల్లాలో పోటీ జరిగింది. మాకెప్పుడూ దొరికే చోట్లే, మైదానం మధ్య గీతకు ఎదురుగా పై మెట్లు. ముందుగా వెళ్ళినవాళ్ళు దుప్పట్లు పరిచి మా చోటు ఆపి ఉంచారు. అడగకపోయినా ఏటా ఆపుతారు. వెనక వరసలో గస్ కూర్చున్నాడు. చీజ్ ఫ్యాక్టరీలో చేసి మానేసినవాడు, చొక్కా నిండా పాత పోటీల బిళ్ళలు. మైదానంలోకి మైకులు వచ్చినప్పటి నుంచి ఆయనకు ఏ జట్టూ నచ్చదు.

"చూశావా, మళ్ళీ మైకులో పాడిస్తున్నారు! బాకాలు ఊదే పిల్లల మధ్య పాటలేమిటి? ఇది పోటీయా, పెళ్ళి విందా?" అని గొణుగుతున్నాడు.

"నచ్చకపోతే ఎందుకొస్తావు గస్ అన్నా?" అంది కింది వరసలో ఒకామె.

"తిట్టడానికి ఎవరో ఒకరు ఉండాలిగా! మీరంతా దేనికి పడితే దానికి లేచి నిలబడతారు. మోకాళ్ళకు మర్యాద లేదు."

అందరూ నవ్వారు. ఆయనే వెన్న పూసిన మొక్కజొన్న కంకులు ఒక సంచెడు తెచ్చి, తిడుతూనే వరసంతా పంచాడు.

కేడెట్లు మైదానంలోకి వచ్చారు. లియోనా నా చెయ్యి పట్టుకుంది. "అరవనే" అంది నా చెవిలో.

"నోరు మూసిపెట్టమంటావా?"

"కరుస్తాను."

ఆట నాకు అంతగా గుర్తు లేదు. నా ప్రాణమంతా ఆమె మీదే ఉంది. కీర్తన మొదలైంది. తగ్గింది. ఇంకా తగ్గింది. డ్రమ్ మేజర్ మరీసోల్ అనే పిల్ల, టెక్సస్ నుంచి వచ్చింది. ఎత్తు బల్ల మీద రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. బాకాలన్నీ పెదవుల దగ్గరే ఆగాయి. మౌనం వచ్చింది.

మరీసోల్ కళ్ళు మెల్లగా మెట్ల పైకి వచ్చాయి. పసుపు టోపీ మీద ఆగాయి.

లియోనా పెదవులు బిగపట్టింది. కానీ మౌనం ఎక్కడుంది? ముందు వరసల్లో తలలు వెనక్కి తిరిగాయి. ఫోన్లు మా వైపు లేచాయి. బల్లలు కిరకిరలాడాయి. "ఏమైంది ఆవిడకి?" "నిద్రపోయిందేమో!" ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక నుంచి గస్ గుసగుసగా అన్నాడు. ఆయన గుసగుస మూడు వరసలకు వినబడుతుంది. "కానియ్ లియోనా, పిల్లలు చచ్చిపోతున్నారు!"

కింది మెట్ల మీద కూర్చున్న డ్వేన్ తిరిగి చూశాడు. నెరిసిన గడ్డం, కానీ ఆ చూపు మాత్రం చిన్నప్పటిదే. ఇంకా కింద మైదానంలో పిల్లలంతా అలాగే నిలబడి ఉన్నారు, ఊపిరి బిగబట్టి. పెద్ద బాకాల వరస చివర బక్కపలచటి పిల్లవాడు ఒకడు, బరువుకు భుజం జారి, ముందుకీ వెనక్కీ...

లియోనా వాణ్ణి చూసింది. ఆమె చూడటం నేను చూశాను. ఇక ఆగలేదు. అరిచింది.

స్టేడియం హోరెత్తిపోయింది. మరీసోల్ చేతులు దిగాయి, పిల్లలంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. జనం లేచి నిలబడ్డారు, గస్‌తో సహా. లియోనా మాత్రం కూలబడి ఏడ్చింది. ఆనందంతో అనుకున్నారు అందరూ. పైవరసలో వేరే జట్టు చొక్కా వేసుకున్న ఒకామె, మాకు ముక్కూ మొహం తెలియని మనిషి, వంగి తన నీళ్ళ సీసా ఇచ్చి వీపు నిమిరింది. ఎందుకు ఏడుస్తున్నావని అడగలేదు. ఆమె ఎక్కడున్నా దేవుడు చల్లగా చూడాలి.

బయట బస్సుల దగ్గర కర్ట్ పరుగెత్తుకొచ్చాడు. "అమ్మ బాబోయ్, లియోనా గారూ! ఈసారి మమ్మల్ని ఉరికంబం ఎక్కించారు! ఇంతసేపా! జడ్జీలే తలెత్తి చూశారు."

"కర్ట్ బాబూ, నేనొక మాట..." అంది లియోనా.

"నేనూ అదే చెబుదామని వచ్చాను. జాతీయ పోటీలో మీ బెంచీ దగ్గర మైకు పెడుతున్నాం. ఆ కేక స్టేడియం నాలుగు మూలలకీ వెళ్ళాలి."

"మైకంటే నాకు ఒళ్ళుమంట" అన్నాడు గస్ పక్క నుంచి. "ఈ ఒక్కదానికీ క్షమించేస్తాను పో."

అందరూ గొల్లున నవ్వారు. లియోనా మళ్ళీ నోరు తెరిచింది. అప్పుడే డ్వేన్ వచ్చి తల్లి భుజం చుట్టూ చెయ్యి వేశాడు. "మొదటిసారి నా కోసం అరిచింది తెలుసా మా అమ్మ" అని ఎవరో కొత్తవాళ్ళకు చెప్పాడు. ఆమె తెరిచిన నోరు మూసుకుంది.

మర్నాడు పొద్దున నా కాఫీ పొంగిపోయింది కానీ గరగర చప్పుడు వినబడలేదు.  పుల్లటి రూబార్బ్ కాడలు వేసి చేసిన తీపి బిళ్ళలు పళ్ళెంలో పెట్టుకుని, పైన కప్పకుండానే వాళ్ళింటికి వెళ్ళాను. లియోనా బల్ల దగ్గర కూర్చుని జపమాల తిప్పుతోంది.

"ఇవాళ దేవుణ్ణి ఆపలేదు" అంది.

నేను కూర్చున్నాను. ఇద్దరం చెరో బిళ్ళ తిన్నాం.

"డ్వేన్‌కి చెప్పెయ్యరాదటే?" అన్నాను.

"ఏమని చెప్పను? నాయనా, నీ పాట నాకు వినబడలేదు, నువ్వు పడిపోతావని హడలిపోయి అరిచానూ అనా? వాడు జీవితమంతా దాచుకున్నది చేతిలోంచి లాక్కోనా?"

"పోనీ నువ్వు వెళ్ళడం మానెయ్."

"మానేస్తే జబ్బుపడ్డాననుకుని ఊరంతా సూప్ గిన్నెలతో దిగుతుంది. పిల్లల చేత కార్డులు రాయిస్తారు. నా పేరున పూజ చెప్పిస్తారు." కిటికీలోంచి బయటికి చూసింది. "నాకెవరూ తాళం వెయ్యలేదు ఫ్రీడా. అందరూ ప్రేమగా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. వాళ్ళను తోసుకుని ఎలా వెళ్ళను?"

నేను కాసేపు ఆమెతో పాటు జపమాల చెప్పాను. వచ్చేటప్పుడు ఆమే, "నీ పళ్ళెం మరిచిపోతున్నావు" అని గుర్తు చేసింది.

తర్వాతి శనివారం మా ఊళ్ళోనే ఆట. కేడెట్లు తెల్లవారుజామునే వచ్చి హైస్కూలు మైదానంలో సాధన మొదలుపెట్టారు. మధ్యాహ్నం వాళ్ళ వంట లారీ దగ్గర మా చర్చి ఆడవాళ్ళమే వడ్డిస్తాం. ఆ రోజు మాంసం కైమా, బన్ను, దోసకాయ ముక్కలు. లియోనా గరిటె పట్టుకుంది. పసుపు టోపీ తలమీదే ఉంది. పిల్లలు ఎండకు మాడి, చెమటకు తడిసి, వరసగా వస్తున్నారు.

"అమ్మమ్మా, ఇవాళ గొంతు బాగుందా?"

"నీ పళ్ళెం సరిగ్గా పట్టుకో ముందు."

"అమ్మమ్మా, మా అమ్మ మీ కేకను ఫోనుకు రింగ్‌టోన్‌గా పెట్టుకుంది! ఎవరు ఫోన్ చేసినా మీరే అరుస్తారు!"

"మీ అమ్మకు చెప్పు, నా కూలి పంపమని."

వాళ్ళు నవ్వుకుంటూ నీడకు వెళ్ళేవాళ్ళు. పెద్ద బాకా వరసలోని ఆ బక్కపిల్లవాడు వచ్చినప్పుడు లియోనా ఏమీ అడగకుండా రెండు బన్నులు పెట్టి, "తిని కాళ్ళు చాపుకుని కూర్చో. మోకాళ్ళు బిగించి నిలబడకు నాయనా, కాస్త వంచి నిలబడు" అంది.

డ్రమ్ మేజర్ అందరూ తిన్నాకే తినాలి. అది వాళ్ళ రివాజు. చివర్న మరీసోల్ వచ్చింది. మెడ మీద తడి తువ్వాలు వేసుకుంది. గిన్నె అడుగున మిగిలిందంతా గీకి పెట్టింది లియోనా.

"మొన్న హడలిపోయాను అమ్మమ్మా" అంది మరీసోల్. "మీకేమైనా అయిందేమోనని. నా చేతులు లాగేశాయి. మీరు అరిచేదాకా దించకూడదు కదా."

"ఎవరన్నారు?"

"అందరూ అంతే కదా చేసేది. నాకు ముందు మేజర్, అతనికి ముందు మేజర్. మీ కేక విన్నాకే దించుతాం."

లియోనా గరిటె కింద పెట్టింది. "తల్లీ, ఒక మాట అడుగుతాను. ఆ కీర్తన చివర ఎలా ఉంటుంది? పూర్తిగా అయిపోయేటప్పుడు?"

మరీసోల్ బన్ను చేతిలో పట్టుకుని ఆలోచించింది. చెప్పబోయి ఆగింది. "నాకూ తెలీదు అమ్మమ్మా" అంది చివరికి. "నేను మీ టోపీ చూస్తూ ఉంటాను. మీరు నోరు తెరుస్తారా, ఇంకా లేదా అని. పాట వినను."

నేను పక్కన గిన్నె కడుగుతున్నదాన్ని కుళాయి కట్టేశాను. చెట్టు కింద ఎవరో పిల్లవాడు వేళ్ళతో బల్ల మీద దరువు వేస్తున్నాడు.

లియోనా తలమీది పసుపు టోపీ తీసి బల్ల మీద పెట్టింది. నెరిసిన జుట్టు చెమటకు నుదుటికి అంటుకుని ఉంది. లారీ మెట్టు దిగి, ఆ పిల్ల ఎదురుగా వెళ్ళి, బన్ను పట్టుకున్న చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"నాకొక సాయం చేసిపెట్టు తల్లీ. ఈ సాయంత్రం చివర్న నా వైపు చూడకు. కళ్ళు మూసుకో, ప్రార్థనలో మూసుకున్నట్టు. నువ్వు చూడకపోతే పిల్లలు చూడరు. వాళ్ళు చూడకపోతే నేను ఆగగలను."

"మరి చేతులు ఎప్పుడు దించను?"

"నీకు పాట వినబడటం ఆగిపోయినప్పుడు. అంతదాకా, ఎవరు ఏమన్నా, దించకు. నా చెవులు నీకంటే ముందే ఆగిపోతాయి. నీ చేతులు పైన ఉన్నంతసేపూ అది ఇంకా ఉందని నమ్ముకుంటాను."